నోరు తెరిస్తే కనిపించే క్యాన్సర్, కంటికి కనిపించని ప్రశ్నలు

నోటి క్యాన్సర్ గురించి ఈమధ్య వస్తున్న వార్తలకు ఒకదానికొకటి పొంతన ఉన్నట్టు అనిపించదు. లాలాజలం చుక్కతోనే క్యాన్సర్‌ను పట్టేస్తారని ఒక వార్త. ఫోన్‌తో నోటి ఫోటో తీస్తే యాప్ చెప్పేస్తుందని ఇంకొకటి. ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్లించే మందులు) మొదలుపెడితే మేలని మరొకటి. ఇంట్లో ఎవరికైనా నోట్లో మానని పుండో, తెల్లమచ్చో ఉంటే ఇవన్నీ చదివాక టెన్షన్ తగ్గకపోగా పెరుగుతుంది. వీటిలో ఏది ఇప్పటికే తేలింది, ఏది ఇంకా పరీక్షల దశలో ఉంది, ఏది ఎవరికి వర్తిస్తుంది అన్నది విడదీసి చూడాల్సిందే.

ప్రపంచం మొత్తం మీద 2022 ఒక్క ఏడాదిలో పెదవి, నోటి క్యాన్సర్లు కొత్తగా సుమారు 3.9 లక్షల మందికి వచ్చాయని, దాదాపు 1.88 లక్షల మంది వీటితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇందులో బాధపెట్టే విషయం ఒకటుంది. క్లోమంలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ ఉందో లేదో తెలియాలంటే స్కానింగ్ కావాలి. నోటికి అదేమీ అక్కర్లేదు. నోరు తెరిచి, టార్చి వేసి, నాలుకను పక్కకు లాగి చూస్తే సరిపోతుంది. అయినా చాలా కేసులు ముదిరాకే బయటపడుతున్నాయి.

మొదట్లో నొప్పి లేకపోవడం అందుకు ఒక కారణం. ఇంకో కారణం, కంటికి కనిపించే పుండు ఈ జబ్బులో ఒక భాగం మాత్రమే కావడం. ఏ మచ్చ రేపు క్యాన్సర్ అవుతుంది? పుండు లోపలికి ఎన్ని మిల్లీమీటర్లు దిగింది? మెడలోని గ్రంథులకు చేరిందా? కోసి తీసేసిన చోటు చుట్టూ ఏం మిగిలింది? వీటిలో ఏదీ టార్చి వెలుగులో కనిపించదు. దశాబ్దాలుగా పరిశోధకులు తలపట్టుకున్నది ఈ ప్రశ్నలతోనే.

నోట్లో గడ్డ అంటే క్యాన్సరేనా?

కణాలు అదుపు తప్పి పెరిగి ముద్ద కడితే దాన్ని గడ్డ లేదా ట్యూమర్ అంటారు. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు. పక్కనున్న కణజాలంలోకి చొచ్చుకుపోవడం, రక్తం ద్వారానో లింఫ్ (కణజాలం నుంచి సన్నని నాళాల్లో గ్రంథులకు చేరే ద్రవం) ద్వారానో వేరే చోట్లకు పాకగలగడం, ఈ గుణాలు ఉంటేనే క్యాన్సర్. చెంప లోపలి భాగం పళ్ల మధ్య పదేపదే నలగడం వల్ల వచ్చే ఫైబ్రోమా నున్నగా, గుండ్రంగా ఉండిపోతుంది. ప్రాణానికి ముప్పేమీ లేదు. లాలాజల గ్రంథుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్లియోమార్ఫిక్ అడెనోమా కూడా క్యాన్సర్ కాదు. కాకపోతే ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది కాబట్టి తీసేస్తారు.

ఈ రెండు గుంపుల మధ్య గీతకు దగ్గరగా నిలబడేది అమెలోబ్లాస్టోమా. పన్ను ఏర్పడే కణజాలం నుంచి దవడ ఎముకలో పుడుతుంది. సాధారణంగా వేరే అవయవాలకు పాకదు, కానీ దవడను లోపల్నుంచి తినేస్తూ పోతుంది. గోకి తీస్తే తిరిగి రావడం ఎక్కువ. అందుకే చుట్టూ కొంత ఆరోగ్యంగా ఉన్న ఎముకతో సహా కోయాల్సి వస్తుంది, అది ముఖం ఆకృతినే మార్చేస్తుంది. వీటిలో చాలావాటికి బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో ఒకే రకమైన మార్పు ఉందని 2014లో బయటపడింది. అదే మార్పు ఉన్న మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు అప్పటికే మాత్రలు ఉన్నాయి. ఆ మాత్రలతో కొందరిలో దవడ గడ్డ బాగా తగ్గిన ఉదాహరణలు వైద్య పత్రికల్లో వచ్చాయి. ముందు మాత్రలతో గడ్డను చిన్నది చేసి దవడను కాపాడవచ్చా అన్న ఆలోచన అక్కడి నుంచే మొదలైంది. ఈ గడ్డ అరుదు కాబట్టి పెద్ద ట్రయల్స్ చేయడం కష్టం.

ఇక నోటి క్యాన్సర్ల విషయానికొస్తే, నూటికి 90కి పైగా స్క్వామస్ సెల్ కార్సినోమాలే. నోటి లోపలి పొరలోని చదునైన కణాల నుంచి పుడతాయి. ఈ వ్యాసంలో మిగతాదంతా దాని గురించే.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. హెచ్‌పీవీ వైరస్ వల్ల నోటి క్యాన్సర్ వస్తుందని తరచూ వింటాం. ఆ వైరస్‌తో గట్టి సంబంధం ఉన్నది టాన్సిల్స్, నాలుక మొదలు ఉండే గొంతు పైభాగం క్యాన్సర్లకు. నాలుక ముందు భాగం, చెంప, చిగురు, నాలుక కింది భాగంలో వచ్చేవాటిలో దాని పాత్ర చాలా తక్కువ. వీటికి ప్రధాన కారణాలు పొగాకు (కాల్చినా, నమిలినా), మద్యం, వక్క. పొగాకు కలపకుండా ఒట్టి వక్క నమిలినా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. గొంతు క్యాన్సర్‌పై వచ్చిన ఫలితాన్ని నోటి క్యాన్సర్‌కు అన్వయించుకుంటే పొరపాటు పడతాం, ఎందుకంటే రెండూ చికిత్సకు వేరువేరుగా స్పందిస్తాయి.

ఏ మచ్చ మారుతుంది, ఏది మారదు?

క్యాన్సర్ చాలాసార్లు ఉన్నట్టుండి రాదు. దానికి ముందు నోట్లో కొన్ని మార్పులు కనిపిస్తాయి. రుద్దినా పోని, వేరే కారణం చెప్పలేని తెల్లమచ్చ ల్యూకోప్లేకియా. ఎర్రగా, మఖమల్‌లా కనిపించే మచ్చ ఎరిత్రోప్లేకియా. వక్క అలవాటుతో చెంపలు లోపల నారలు కట్టి, నోరు తెరుచుకోవడం తగ్గిపోయే జబ్బు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. వీటన్నిటినీ కలిపి క్యాన్సర్‌గా మారే అవకాశమున్న జబ్బులు అంటారు. అవకాశం అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ల్యూకోప్లేకియా ఉన్నవారిలో చాలామందికి ఎన్నటికీ క్యాన్సర్ రాదు. పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఏళ్లు గడిచేకొద్దీ దాదాపు పదిమందిలో ఒకరికి వస్తుంది. ఎర్రమచ్చల్లో ముప్పు దీనికన్నా చాలా ఎక్కువ.

ఆ పదిమందిలో ఒకరు ఎవరు? మచ్చ నుంచి చిన్న ముక్క తీసి (బయాప్సీ) సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు కణాల అమరిక చెడిపోయి ఉంటే దాన్ని డిస్‌ప్లేసియా అంటారు. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు మెట్లుగా చెబుతారు. ఇబ్బంది ఏమిటంటే, ఒకే స్లైడు ఇద్దరు పెథాలజిస్టులకు ఇస్తే ఒకరు స్వల్పం అని, ఇంకొకరు మధ్యస్థం అని రాయడం అరుదేమీ కాదు. పైగా తీవ్రమైన మార్పులున్న మచ్చ కొన్నిసార్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, స్వల్పం అనుకున్నది మారిపోతుంది.

అందుకే కణాల రూపం వదిలి వాటి జన్యువుల్లోకి చూశారు. కొన్ని క్రోమోజోముల భాగాలు ఊడిపోయి ఉన్న మచ్చలకు ముప్పు ఎక్కువని తేలింది. 2016లో వచ్చిన ఎపాక్ అనే ట్రయల్‌లో, ఆ లోపం ఉన్నవారిలో మూడేళ్లకు క్యాన్సర్ రాకుండా ఉన్నది 74 శాతం, లోపం లేనివారిలో 87 శాతం. ముప్పును ముందే పసిగట్టే గుర్తు దొరికినట్టే. ఇక మందు ఇచ్చి ఆపేయొచ్చు అనుకున్నారు. ఎర్లోటినిబ్ మాత్రలు ఇచ్చారు. మాత్ర తీసుకున్నవారిలో 70 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 74 శాతం క్యాన్సర్ లేకుండా ఉన్నారు. అంటే మందు వల్ల ప్రయోజనం లేదు.

దీనికి 30 ఏళ్ల ముందు, 1986లో విటమిన్ ఏ నుంచి తయారైన ఐసోట్రెటినాయిన్‌తోనూ ఇలాంటి ఆశే కలిగింది. మందు తీసుకున్న 24 మందిలో 16 మందికి మచ్చలు బాగా తగ్గాయి. ఉత్తుత్తి మందు తీసుకున్న 20 మందిలో ఇద్దరికే తగ్గాయి. మందు ఆపిన రెండు మూడు నెలల్లోనే సగానికి పైగా మచ్చలు తిరిగొచ్చాయి. మచ్చ మాయమవడం, క్యాన్సర్ ముప్పు తొలగడం రెండూ ఒకటి కాదని ఈ రంగం అప్పటినుంచీ నేర్చుకుంటూనే ఉంది. లేజరుతోనో కత్తితోనో మచ్చను తీసేస్తే ముప్పు ఎంత తగ్గుతుందన్న విషయంలోనూ డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం లేదు. తీసేయాలనేవారు లోపల దాగిన క్యాన్సర్ బయటపడుతుందంటారు. గమనిస్తూ ఉండటం చాలనేవారు, మచ్చ తీసేసినా అదే నోట్లో మరోచోట క్యాన్సర్ రావచ్చు కదా అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

టార్చితో చూడటం ప్రాణాలు కాపాడుతుందా?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు వెతికిన పెద్ద ట్రయల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో జరిగింది. 1996లో మొదలైంది. 35 ఏళ్లు దాటిన దాదాపు 1.9 లక్షల మందిని 13 ప్రాంతాలుగా విడదీశారు. కొన్ని ప్రాంతాల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వచ్చి నోరు పరీక్షించారు, మిగతా ప్రాంతాల్లో మామూలుగా వదిలేశారు. 2005లో వచ్చిన ఫలితం ప్రకారం పొగాకు గానీ మద్యం గానీ అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. 15 ఏళ్ల గమనింపు తర్వాత ఆ తగ్గుదల 24 శాతంగా నిలిచింది. అలవాట్లు లేనివారినీ కలిపి మొత్తం జనాభాను చూస్తే తేడా గణాంకాలపరంగా నమ్మదగినంత లేదు.

ఒకే ట్రయల్‌ను రెండు వర్గాలు రెండు రకాలుగా చదివాయి. ముప్పు ఎక్కువున్నవారిని వెతికి పరీక్షించాలనడానికి ఇది చాలన్నారు కొందరు. ప్రాంతాల సంఖ్య తక్కువ, లాభం ఒక ఉపవర్గంలోనే కనిపించింది, కాబట్టి అన్ని దేశాలకూ వర్తింపజేయలేం అన్నారు మరికొందరు. లక్షణాలేవీ లేని పెద్దలందరినీ పరీక్షించాలా వద్దా అని చెప్పడానికి ఆధారాలు సరిపోవని అమెరికా నివారణ సేవల కార్యవర్గం 2013లో ప్రకటించింది. నా దృష్టిలో వీటి మధ్య వైరుధ్యం లేదు. అందరినీ చూడాలా అన్నది ఒక ప్రశ్న, అలవాటున్నవారిని చూడాలా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి తిరువనంతపురం ఇచ్చిన జవాబు బలమైనదే.

90 శాతం కచ్చితత్వం అంటే నిజంగా ఎంత?

ఇప్పుడు లాలాజల పరీక్షలు, కృత్రిమ మేధ యాప్‌ల సంగతి. లాలాజలంలో ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, ప్రొటీన్లు, జన్యు మార్పుల జాడలు దొరుకుతాయన్నది నిజమే. ఫోటోల్లో అనుమానించాల్సిన మచ్చలను యంత్రం గుర్తుపట్టగలదన్నదీ నిజమే. చిక్కంతా "90 శాతం కచ్చితం" లాంటి శీర్షికలను అర్థం చేసుకోవడంలో ఉంది.

ఒక లెక్క వేద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలు. ఒక పరీక్ష క్యాన్సర్ ఉన్న వందమందిలో 90 మందిని పట్టుకుంటుంది, లేని వందమందిలో 90 మందికి లేదని సరిగ్గా చెబుతుంది. దాన్ని 10,000 మంది మామూలు జనానికి చేశారు, వారిలో 20 మందికి క్యాన్సర్ ఉంది. పరీక్ష 18 మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. క్యాన్సర్ లేని 9,980 మందిలో 998 మందికి ఉందని తప్పుగా చెబుతుంది. మొత్తం 1,016 మందికి పాజిటివ్ వస్తే నిజంగా జబ్బున్నది 18 మందికే. నూటికి ఇద్దరు కూడా లేరు. మిగతా 998 మంది, వాళ్ల ఇళ్లవాళ్లు ఊరికే బెంగపెట్టుకోవాలి.

అదే పరీక్షను అనుమానాస్పదమైన పుండ్లతో స్పెషలిస్టు దగ్గరికి వచ్చిన 1,000 మందికి చేశారనుకుందాం. వారిలో 200 మందికి క్యాన్సర్ ఉంది. 180 మంది దొరుకుతారు, 80 మందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చిన వందమందిలో 69 మందికి నిజంగానే జబ్బు. పరీక్ష మారలేదు, చేసిన చోటు మారింది. అయితే ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పరీక్ష వదిలేసిన 20 మందికి క్యాన్సర్ ఉండి కూడా "ఏమీ లేదు" అన్న కాగితం చేతికొస్తుంది.

రంగు పూసి చూడటం, ప్రత్యేక కాంతి వేసి చూడటం, బ్రష్‌తో కణాలు గీకడం, లాలాజలం, వీటిలో ఏదీ ముక్క పరీక్షకు బదులు కాదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలు చెప్పడానికి ఇదే కారణం. ముక్క తీయించుకోవడానికి రోగి ఒప్పుకోకపోతే బ్రష్ పరీక్ష చేయొచ్చన్నారు, అంతే. యాప్‌లకు విలువ లేదని కాదు. దంతవైద్యులు లేని చోట ఎవరిని ముందుగా పంపాలో చెప్పడానికి అవి పనికొస్తాయని నేను నమ్ముతున్నాను. జబ్బు నిర్ధారించే పని మాత్రం వాటిది కాదు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయంతో నెలలు జారిపోతాయి. నోటి పుండు నుంచి చిన్న ముక్క తీయడం వల్ల జబ్బు ముదురుతుందనడానికి ఆధారం లేదు. ఆలస్యం చేస్తే ముదురుతుందనడానికి మాత్రం కావలసినంత ఉంది. రెండు మూడు వారాలైనా మానని పుండును పరీక్ష చేయించాలని డాక్టర్లు చెప్పేది అందుకే.

వెడల్పు కన్నా లోతు ఎందుకు ముఖ్యమైంది?

చాలాకాలం నోటి క్యాన్సర్ దశను పుండు వెడల్పును బట్టే చెప్పారు. దశలు నిర్ణయించే నిబంధనల ఎనిమిదో కూర్పు 2018 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో లోతు కూడా చేరింది. ఉదాహరణకు ఇద్దరికి నాలుక పక్కన 1.8 సెంటీమీటర్ల పుండు ఉంది. ఒకరిది 3 మిల్లీమీటర్లు లోపలికి దిగింది, ఇంకొకరిది 8 మిల్లీమీటర్లు. పాత పద్ధతిలో ఇద్దరిదీ టీ1, అంటే గడ్డ దశల్లో మొదటి మెట్టు. కొత్త పద్ధతిలో మొదటివారిది టీ1, రెండోవారిది టీ2, ఎందుకంటే 5 మిల్లీమీటర్లు దాటింది.

లోతును కొలవడంలోనూ మెలిక ఉంది. గడ్డ మందం వేరు, లోతు వేరు. పక్కనున్న ఆరోగ్యమైన పొర అడుగు నుంచి ఒక గీత గీసి, అక్కడి నుంచి కిందికి క్యాన్సర్ ఎంత దిగిందో కొలుస్తారు. పైకి పువ్వులా ఉబ్బిన గడ్డ 12 మిల్లీమీటర్ల మందం ఉండి కూడా లోపలికి 4 మిల్లీమీటర్లే దిగి ఉండొచ్చు. చూడటానికి చిన్న గుంటలా ఉన్న పుండు దానికన్నా ఎక్కువ దిగి ఉండొచ్చు. భయపెట్టే గడ్డ కన్నా ఆ చిన్న గుంటే ఎక్కువ ప్రమాదకరం కావచ్చన్నమాట. లోపలికి దిగేకొద్దీ లింఫ్ నాళాలు దొరుకుతాయి, వాటి దారిలో కణాలు మెడకు చేరతాయి.

మెడలో ఏమీ కనిపించనప్పుడు మెడ కోయాలా?

నోటి క్యాన్సర్ చికిత్సలో ఏళ్ల తరబడి నలిగిన వివాదం ఇదే.

తొలిదశ క్యాన్సర్‌లో నోట్లోని గడ్డను తీసేస్తారు. మెడను తడిమితే బిళ్లలు లేవు, స్కానింగ్‌లోనూ ఏమీ లేదు. అయినా కొందరిలో సూక్ష్మదర్శినికి మాత్రమే కనిపించేంత చిన్న క్యాన్సర్ గుంపులు అప్పటికే మెడలోని లింఫ్ గ్రంథుల్లో ఉంటాయి. ఒక వర్గం, ముందుజాగ్రత్తగా ఆ గ్రంథులను కూడా తీసేయాలంది. రెండో వర్గం, చాలామందికి అనవసరంగా మెడ కోసినట్టవుతుంది, భుజం ఎత్తలేని ఇబ్బంది వస్తుంది, కాబట్టి కనిపెట్టుకుని ఉండి బిళ్ల కనిపించినప్పుడే చేద్దామంది. రెండు వాదనలూ సమంజసమే, తేల్చడానికి పెద్ద ట్రయల్ కావాల్సి వచ్చింది.

ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2004 నుంచి 2014 దాకా 596 మందిని చేర్చుకుని ఆ పని చేసింది. 2015లో మొదటి 500 మంది ఫలితాలు వచ్చాయి. ముందే మెడ గ్రంథులు తీసినవారిలో మూడేళ్లకు బతికున్నది 80 శాతం. ఆగి చూసినవారిలో 67.5 శాతం. జబ్బు తిరగబెట్టినవారు మొదటి వర్గంలో 81 మంది, రెండో వర్గంలో 146 మంది. తేడా 12.5 శాతం కాబట్టి, ఎనిమిది మందికి ముందే ఆపరేషన్ చేస్తే అదనంగా ఒకరు మూడేళ్లకు బతికి ఉంటారు. క్యాన్సర్ శస్త్రచికిత్సలో ఇంత పెద్ద తేడా చాలా అరుదు. ప్రపంచవ్యాప్తంగా చికిత్స తీరు మారింది.

అయినా రెండో వర్గం అడిగిన ప్రశ్న తీరలేదు. ముందే తీసిన గ్రంథుల్లో నిజంగా క్యాన్సర్ దొరికింది దాదాపు 30 శాతం మందికే. మిగతా 70 శాతం మంది సంగతేంటి? దీనికి జవాబుగా వచ్చింది సెంటినెల్ గ్రంథి పరీక్ష. గడ్డ చుట్టూ కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఎక్కిస్తారు. అది లింఫ్ నాళాల వెంట ప్రయాణించి ముందుగా ఏ గ్రంథిలో ఆగుతుందో పరికరంతో కనిపెట్టి, ఆ ఒకటి రెండు గ్రంథులనే తీసి, పలుచని పొరలుగా కోసి వెతుకుతారు. క్యాన్సర్ దొరికితేనే మెడ ఆపరేషన్. ఫ్రాన్స్‌లో 2020లో, జపాన్‌లో 2021లో వచ్చిన ట్రయల్స్ రెండూ ఈ దారి కూడా పాత దారికి తీసిపోదని చూపాయి. జపాన్ ట్రయల్‌లో మూడేళ్లకు బతికున్నవారు సెంటినెల్ వర్గంలో 87.9 శాతం, పూర్తి ఆపరేషన్ వర్గంలో 86.6 శాతం.

మరి అంతటా ఎందుకు చేయడం లేదు? న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కావాలి. ఒక గ్రంథిని డజన్ల పొరలుగా పరీక్షించే ఓపిక, సిబ్బంది ఉన్న పెథాలజీ విభాగం కావాలి. క్యాన్సర్ దొరికితే రోగి రెండోసారి ఆపరేషన్‌కు రావాల్సి రావచ్చు. నాలుక కింద గడ్డ ఉంటే ఇంజెక్షన్ ఇచ్చిన చోటి రేడియోధార్మిక సంకేతమే పక్కనున్న గ్రంథి సంకేతాన్ని కప్పేస్తుంది. ఇవేవీ లేని ఆసుపత్రిలో ముందే గ్రంథులు తీసేయడమే క్షేమం. శాస్త్రం ఒకటే అయినా సరైన చికిత్స చోటును బట్టి మారుతుంది.

శుభ్రంగా ఉన్న అంచు నిజంగా శుభ్రమేనా?

గడ్డను చుట్టూ కొంత ఆరోగ్యమైన కణజాలంతో కలిపి తీస్తారు. రిపోర్టులో అంచు 5 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే సురక్షితం అంటారు. అయినా కొందరిలో అదే చోట తిరిగొస్తుంది. ఎందుకో 1953లోనే స్లాటర్ బృందం ఊహించింది: క్యాన్సర్ కారకాలు నోటి పొరలో పెద్ద ప్రాంతాన్నే పాడుచేస్తాయి, గడ్డ అందులో ఒక భాగం మాత్రమే. 1995లో 25 మంది రోగుల అంచులను జన్యు పరీక్షతో చూశారు. సూక్ష్మదర్శిని కింద అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. జన్యు పరీక్షలో మాత్రం 13 మంది అంచుల్లో పీ53 (కణాల పెరుగుదలను అదుపులో ఉంచే జన్యువు) మార్పున్న కణాలు దొరికాయి. ఆ 13 మందిలో ఐదుగురికి అక్కడే తిరగబెట్టింది. దొరకని 12 మందిలో ఒక్కరికీ రాలేదు.

చిన్న అధ్యయనమే అయినా ఈ రంగం ఆలోచనను మలుపు తిప్పింది. అలాంటి కణాలను ఆపరేషన్ బల్ల మీదే పట్టుకోవడం ఇంకా సాధ్యపడలేదు. నీలి కాంతి వేస్తే పాడైన ప్రాంతం నల్లగా కనిపిస్తుంది, ఆ మేరకు ఎక్కువ కోస్తే మేలేమో అని కెనడాలో ట్రయల్ చేశారు. 2020లో ఫలితం వచ్చింది, తిరగబెట్టడంలో తేడా లేదు.

ఆపరేషన్ తర్వాత రేడియేషన్, కీమో ఎవరికి?

ఇక్కడ దారి కొంత స్పష్టంగానే ఉంది. గడ్డ పెద్దదైనా, గ్రంథుల్లో క్యాన్సర్ దొరికినా ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇస్తారు. అంచుల్లో క్యాన్సర్ మిగిలినా, గ్రంథి గోడను చీల్చుకుని బయటికి వచ్చినా రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలపాలని 2004లో ఐరోపా, అమెరికా ట్రయల్స్ రెండూ చూపాయి. మూడు వారాలకోసారి పెద్ద డోసు కిడ్నీలకు, చెవులకు బరువు. వారం వారం శరీర ఉపరితలం చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చినా ఫలితం తగ్గదని 2022లో జపాన్ ట్రయల్ చూపింది. సిస్‌ప్లాటిన్ అసలే పడనివారికి రేడియేషన్‌తో డోసిటాక్సెల్ అనే మరో కీమో మందు కలిపితే, రెండేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు 30.3 నుంచి 42 శాతానికి పెరిగారని 2023లో టాటా మెమోరియల్ పరిశోధకులు ప్రచురించారు. ఆ ట్రయల్‌లో తల, మెడ క్యాన్సర్లు అన్నీ ఉన్నాయి.

ఇమ్యునోథెరపీ: మందు అదే, ఇచ్చే సమయం వేరు

క్యాన్సర్ కణాలు మన రోగనిరోధక కణాలకు "ఆగు" అని సంకేతం ఇచ్చి తప్పించుకుంటాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి మందులు ఆ సంకేతాన్ని అడ్డుకుంటాయి. తిరగబెట్టిన, పాకిన తల-మెడ క్యాన్సర్లలో 2016 నుంచే వీటి ప్రయోజనం తెలుసు. అందరికీ కాదు, కొందరికే, కానీ ఆ కొందరిలో చాలాకాలం నిలుస్తుంది.

ఇంత పనిచేసే మందును మొదటి చికిత్సలోనే వాడితే? రేడియేషన్, కీమోలతో పాటు ఒకేసారి ఇచ్చి చూసిన రెండు పెద్ద ట్రయల్స్ లక్ష్యం చేరలేదు. రేడియేషన్ మెడ గ్రంథుల్లోని రోగనిరోధక కణాలనే దెబ్బతీస్తుంది కాబట్టి మందుకు పనిచేయడానికి సైన్యం మిగలదని ఒక వివరణ. మరి గడ్డ, గ్రంథులు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే, అంటే ఆపరేషన్‌కు ముందే ఇస్తే?

కీనోట్-689 ట్రయల్ అడిగింది అదే. కోసి తీయగలిగిన, ముదిరిన దశలోని 714 మందిలో సగం మందికి ఆపరేషన్‌కు ముందు రెండు డోసుల పెంబ్రోలిజుమాబ్, తర్వాత మరో 15 డోసులు ఇచ్చారు. 2025లో ఫలితం వచ్చింది. మూడేళ్లకు జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా, ప్రాణాలతో ఉన్నవారు 57.6 శాతం. మామూలు చికిత్స వర్గంలో 46.4 శాతం. ముందు మందిస్తే ఆపరేషన్ ఆలస్యమై చేయలేని స్థితి వస్తుందేమోనన్న భయం నిజం కాలేదు, ఆపరేషన్ దాకా చేరినవారి శాతం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకటే. అదే ఏడాది జూన్‌లో, గడ్డలో పీడీ-ఎల్1 అనే గుర్తు ఉన్నవారికి ఈ పద్ధతిని అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది.

ఇది నోటి క్యాన్సర్‌కు దగ్గరి ఫలితం, చేరినవారిలో ఎక్కువమంది నోటి క్యాన్సర్ వారే. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఎక్కువకాలం బతికారా అన్న దాంట్లో ఆ విశ్లేషణ నాటికి తేడా గణాంకాలపరంగా రుజువు కాలేదు. ఇంకోటి, ముందిచ్చిన రెండు డోసులతోనే గడ్డ దాదాపు పూర్తిగా చచ్చిపోయినవారు పదిమందిలో ఒకరికన్నా తక్కువ. లాభం ముందు ఇచ్చిన డోసుల వల్లా, తర్వాత ఇచ్చినవాటి వల్లా అన్నది ఈ ట్రయల్ విడదీసి చెప్పలేదు.

20 మిల్లీగ్రాముల ప్రశ్న

ఈ మందులు అందరికీ అందేవి కావు. నివోలుమాబ్ మామూలుగా రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు ఇస్తారు. మందు అతుక్కోవాల్సిన గ్రాహకాలు చాలా తక్కువ డోసుకే నిండిపోతాయని తొలి అధ్యయనాల్లోనే కనిపించింది. దాంతో టాటా మెమోరియల్ బృందం మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూసింది. నయం చేయలేని దశలో ఉన్న తల-మెడ క్యాన్సర్ రోగులకు మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలకు దీన్ని కలిపారు. మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో ఏడాదికి బతికున్నది 16.3 శాతం. నివోలుమాబ్ కలిపినవారిలో 43.4 శాతం.

తక్కువ డోసును సమర్థించేవారు ఈ అంకెలే చాలంటారు. పూర్తి డోసు అందని రోగికి ఎదురుగా ఉన్నది పూర్తి డోసా, తక్కువ డోసా అన్న ఎంపిక కాదు, తక్కువ డోసా, ఏమీ లేకపోవడమా అన్నది. అభ్యంతరం చెప్పేవారు, ఇది ఒక్క కేంద్రంలో జరిగింది, పోల్చింది పూర్తి డోసుతో కాదు కాబట్టి రెండూ సమానమని ఎవరూ అనకూడదంటారు. ఆ అభ్యంతరం సరైనదే. ఈ ట్రయల్ చెప్పింది, మాత్రలు ఒక్కటే ఇవ్వడం కన్నా వాటికి 20 మిల్లీగ్రాములు కలపడం చాలా మేలని. పూర్తి డోసుకు దీటా కాదా అన్నది తేలాలంటే రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఖరీదైన మందుల విషయంలో అలాంటి ట్రయల్స్ కంపెనీలు చేయవు, ప్రభుత్వ డబ్బుతో నడిచే ఆసుపత్రులే పూనుకోవాలి.

ఇక రోగులు ఎక్కువగా అడిగే ప్రశ్న: ఆపరేషన్‌కు ముందు మందుతో గడ్డ తగ్గితే, నాలుకను తక్కువ కోస్తారా? ప్రస్తుతానికి సమాధానం కాదనే. గడ్డ తగ్గేటప్పుడు చాలాసార్లు చుట్టూ నుంచి లోపలికి ఒకే ముద్దగా కుంచించుకుపోదు. మధ్యమధ్య చచ్చిపోయి, పాత హద్దుల్లోపల అక్కడక్కడా బతికున్న కణాల గుంపులు మిగులుతాయి. అందుకే మందు మొదలుపెట్టేముందే గడ్డ హద్దులను కొలిచి పెట్టుకుని, తర్వాత ఎంత తగ్గినా ఆ పాత కొలతల ప్రకారమే కోయడం నియమంగా ఉంది. దవడలో కొంత భాగం పోతే కాలి పిక్క పక్కనున్న సన్నటి ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అతికే పద్ధతి 1989 నుంచే ఉంది. కోల్పోయిన నాలుకకు, మాటకు, మింగే శక్తికి అంత మంచి బదులు ఇంకా లేదు. మందుకు ఎవరి గడ్డ పూర్తిగా లొంగిందో కోయకముందే నమ్మకంగా చెప్పగలిగే పరీక్ష ఏదైనా వస్తే, తక్కువ కోసి చూసే ట్రయల్స్‌కు అప్పుడు దారి తెరుచుకుంటుంది.